కార్పొరేటర్‌ని మధ్యలోనే దించే హక్కు ఓటర్లకు ఉండాలా, వద్దా?

గల్లీ నంబర్ 4:
మా గల్లీ మలుపు కాడ మ్యాన్‌హోల్ మూత పోయి వానాకాలమంతా గట్లనే ఉండె. ఎవరో వేపకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టిన్రు, రాత్రి బండ్ల మీద వచ్చేటోళ్లకు అదే గుర్తు. కార్పొరేటర్‌కు ఫొటోలు పంపితే నీలం టిక్కులు పడ్డయి, అంతే, ఇగ జవాబు లేదు. ఓట్లప్పుడు ఇంటింటికీ తిరిగినాయన ఐదేండ్లు కనబడకున్నా మనం చేసేది ఏం లేదా? మధ్యప్రదేశ్‌ల మున్సిపల్ అధ్యక్షుని మీద ముప్పావు వంతు కౌన్సిలర్లు సంతకాలు పెడితే ఊరంతా మళ్ల ఓటేస్తది, బ్యాలెట్ మీద రెండే గుర్తులు, దించాలంటే ఖాళీ కుర్చీ, ఉంచాలంటే మనిషి కూసున్న కుర్చీ. 2001ల అనూప్‌పూర్‌ల గట్లనే అధ్యక్షురాలిని దించిన్రు. ఆ హక్కు మనకెందుకు ఉండొద్దు? మీరేమంటరో చెప్పున్రి.

కేపీహెచ్‌బీ ఆరో ఫేజ్:
బ్రదర్, మీ కోపంలో న్యాయం ఉంది, కానీ ఆ మూత వేయాల్సింది కార్పొరేటర్ కాదు, దానికి వేరే శాఖ ఉంది, బిల్లు మీద సంతకం పెట్టేది ఆఫీసర్. కార్పొరేటర్ చేయగలిగేది ఫోన్లు చేసి వెంటపడటం, కౌన్సిల్ మీటింగ్‌లో గట్టిగా అడగటం, అంతవరకే. పవర్ లేనివాణ్ణి దించితే మూత వస్తుందా?
ఇంకోటి, 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 46 శాతం పైచిలుకు. అసలు ఎన్నికకే సగం మంది రాని ఊళ్లో రీకాల్‌కి, అంటే మధ్యలో దించే ఓటుకి, ఎవరొస్తారండీ, ఓడిపోయినవాడి మనుషులు వస్తారు, వాళ్లకి బిర్యానీ పెట్టించే కాంట్రాక్టర్ వస్తాడు. అప్పుడు 150 డివిజన్లు, నాలుగు పార్టీలు గెలిచాయి, ప్రతిచోటా ఓడినవాడు ఫలితాల మర్నాటి నుంచే సంతకాలు మొదలుపెడతాడు. 2021లో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ మీద రీకాల్ పెట్టారు, దాదాపు 20 కోట్ల డాలర్ల ప్రజల సొమ్ము ఖర్చయింది, చివరికి ఆయనే గెలిచాడు.

గల్లీ నంబర్ 4:
అన్నా, గవర్నర్ సంగతి ఇడిసిపెట్టు, చిన్న ఊరి ముచ్చట చెప్త. అదే కాలిఫోర్నియాల బెల్ అని 35 వేల మంది ఉండే ఊరు, ఎక్కువ మంది కూలీనాలీ చేసుకునేటోళ్లే. 2005ల ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టి కౌన్సిలర్ల జీతాల మీద ఉన్న పరిమితి తప్పించుకున్నరు, దానికి ఓటేసినోళ్లు 400 మంది కూడ లేరు. 2010ల పేపరోళ్లు బయటపెట్టేదాక జనానికి తెల్వదు, సిటీ మేనేజర్ జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు, పార్ట్‌టైమ్ కౌన్సిలర్లకు లక్ష దాక! 2011 మార్చిల రీకాల్ పెట్టి మేయర్‌తో సహా పీకేసిన్రు. 400 మంది కూడ రాని ఊర్లనే జనం వరదలెక్క వచ్చిన్రు. మనోళ్లు ఓటుకు రారని నువ్వంటున్నవ్, ఓటేస్తే ఏమన్న మారుతదంటే ఎందుకు రారన్నా?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్:
మీరిద్దరూ అవిశ్వాసం సంగతి మర్చిపోతున్నరు. మన రాష్ట్రంల మున్సిపల్ చైర్మన్‌ని మూడేండ్లు నిండినంక కౌన్సిలర్లు దించొచ్చు. 2020ల గెలిచినోళ్ల మీద 2023ల ఒకసారి, సర్కారు మారినంక 2024 మొదట్ల ఇంకోసారి వరసవెట్టి నోటీసులు పడ్డయి. మా ఊర్లె నేను కండ్లార చూసిన, కౌన్సిలర్లను రాత్రికి రాత్రి బస్సెక్కించి క్యాంపుకు తోలిన్రు, ఫోన్లు గుంజుకున్నరు, ఓటింగ్ నాడు పొద్దుగాల తెల్లచొక్కాలేసుకుని సీదా మున్సిపల్ ఆఫీస్ కాడ దిగిన్రు. మా వార్డు కౌన్సిలర్‌కు ఎంత ముట్టిందో చాయ్ హోటల్‌ల అందరికీ తెలుసు. చైర్మన్ మారిండు, నల్లా నీళ్లు మాత్రం గదే మూడు రోజులకోసారి. కౌన్సిలర్ల సంతకంతోని షురువయ్యే మధ్యప్రదేశ్ పద్ధతి మనకొద్దు, గదీ క్యాంపుల కాడికే పోతది. సంతకం ఓటర్‌దే ఉండాలె.

అల్వాల్ అక్క:
నా భయం వేరు తమ్ముడూ. జీహెచ్‌ఎంసీలో సగం సీట్లు ఆడవాళ్లవి. మొదటిసారి గెలిచినావిడ, వెనకాల డబ్బు లేదు, భర్త మాట వినకుండా సొంతంగా పనిచేస్తానంటే ముందు రీకాల్ పడేది ఈమె మీదే. ఖాళీ కుర్చీ గుర్తుతో అనూప్‌పూర్‌లో దిగిపోయింది కూడా ఒక మహిళే అని మీరే రాశారు కదా. రిజర్వుడ్ సీట్లో గెలిచిన ఎస్సీ అభ్యర్థిని పెద్దలు ఎన్నిరకాలుగా సతాయిస్తారో మనకు తెలియనిది కాదు. రీకాల్ వద్దు అనను, కానీ కారణం రాతపూర్వకంగా ఉండాలి, ఆమెకి జవాబు చెప్పుకునే టైమ్ ఇవ్వాలి, ఆ జవాబు కూడా పిటిషన్ పక్కనే ప్రింట్ చేయాలి.

గల్లీ నంబర్ 4:
అక్కా, ఇది వంద శాతం ఒప్పుకుంటున్న. బీహార్ చట్టంల వార్డు కౌన్సిలర్ మీద ఓటర్లే పిటిషన్ పెట్టొచ్చని ఉంది, గని మూడింట రెండొంతుల మంది సంతకాలు కావాలంటరు, సగం మంది ఓటే ఎయ్యని మన కాడ గది అయ్యే పనేనా. నేననేది, పావు వంతు ఓటర్లు సంతకాలు పెట్టాలె, గెలిచినంక రెండేండ్ల దాక ముట్టొద్దు, ఒక టర్మ్‌ల ఒక్కసారే. దించాలంటే గెలిచినప్పుడు ఆయనకు పడ్డ ఓట్లకన్న ఎక్కువ ఓట్లు వ్యతిరేకంగ పడాలె, అప్పుడు బిర్యానీ బ్యాచ్‌తోని పని కాదు. దీనికి రాజ్యాంగం మార్చే పని కూడ లేదు, లోకల్ బాడీలు రాష్ట్రం చేతిలయే, అసెంబ్లీల చట్టం చేస్తే చాలు.

కేపీహెచ్‌బీ ఆరో ఫేజ్:
ఆ ఆఖరి కండిషన్ బాగుంది, అలా అయితే నేనూ ఆలోచిస్తా. కానీ సంతకాలు ఎక్కడ పెట్టిస్తారు? ఇంటింటికీ పేపర్ తిప్పితే సగం దొంగవే. వార్డు ఆఫీసులో అంటారా, అక్కడ కార్పొరేటర్ మనుషులు పొద్దంతా కుర్చీలేసుకుని కూర్చుంటే ఏ కిరాయిదారు ధైర్యం చేసి లోపలికొస్తాడు?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్:
మీసేవల పెట్టాలె అన్న. ఏ ఏరియా సెంటర్‌కైనా పోయి ఓటర్ ఐడీ చూపెట్టి వేలిముద్ర ఏస్తే అయిపాయె, పేర్లు మాత్రం బయటికి రావొద్దు.

అల్వాల్ అక్క:
పేర్లు దాచితే దొంగ సంతకమని ఆ కార్పొరేటర్ ఎలా నిరూపించుకుంటుంది? ముందు దీనికి జవాబు చెప్పండి.