కోటిపల్లి లైను రెండుసార్లు మూతపడింది. తప్పు ఎవరిది?

గౌతమి గట్టు:
చాలా రోజులుగా మనసులో ఉన్న గొడవ, ఇక్కడ పెడుతున్నా. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవు దాకా 45 కిలోమీటర్ల బ్రాంచి లైను మాది. 1928లో వేశారు. పట్టుమని పన్నెండేళ్ళు నడిచింది. 1940లో యుద్ధానికి కావాలని తెల్లదొరలు పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ వేసేసరికి 2004 వచ్చింది, అంటే 64 ఏళ్ళు. వచ్చింది కూడా ఏం బండి? ఒక్క పెట్టె రైలుబస్సు. అదీ 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగింది. మిగతా బళ్ళు ఒక్కొక్కటే పట్టాలెక్కాయి, మాది ఎక్కలేదు.

నేననేది ఒకటే. ఒకసారి యుద్ధం పేరు చెప్పారు, ఇంకోసారి కరోనా పేరు చెప్పారు. రెండూ సాకులే. మా లైను ఎత్తేస్తే అడిగే నాథుడు లేడని వాళ్ళకి ముందే తెలుసు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

లెక్కల మాస్టారు:
కాదనడానికి నేనున్నానండి. యుద్ధం సాకు కాదు. మన ఒక్క లైనే కాదు, దేశం మొత్తం మీద ఇరవైకి పైగా బ్రాంచి లైన్లు అప్పుడు పీకేశారు. పట్టాలు, స్లీపర్లు, ఇంజన్లు, వ్యాగన్లు ఓడలెక్కి పశ్చిమాసియా వైపు పోయాయి. అంతవరకు మీతో పేచీ లేదు.

అసలు ప్రశ్న వేరే. ఇన్ని వేల మైళ్ళ పట్టాలుండగా ఈ లైన్లనే ఎందుకు ఎంచుకున్నారు? ఎందుకంటే అవి డబ్బు తేవడం లేదు. 1930ల్లో బస్సులు, లారీలు వచ్చి రైలు ఆదాయానికి గండి కొట్టాయి. 1933 నాటికే రోడ్డుకీ రైలుకీ పోటీ మీద మిచెల్, కర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు ప్రత్యేకంగా నివేదిక రాశారంటే బెంగ ఎంతో చూడండి. 1939లో మోటారు వాహనాల చట్టం తేవడం వెనక కూడా ఆ పోటీయే ఉంది. మన డెల్టాలో అయితే పోటీ ఇద్దరితో. ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచి ధాన్యం కాలవల్లో పడవల మీద పోయేది. పడవ కిరాయి కంటే తక్కువకి రైలు ఎలా మోస్తుంది? మనుషులేమో బస్సెక్కారు. ఇక రైలుకి మిగిలింది ఎవరు?

యుద్ధం ఉరి తీసింది, నిజమే. తాడు అంతకుముందే పేనారు.

గౌతమి గట్టు:
మాస్టారూ, లైను వేసి పన్నెండేళ్ళే కదండీ అయింది. కొబ్బరి మొక్క నాటి మూడో ఏడు కాయ కాయలేదని నరికేస్తామా?

పాత టైంటేబుల్:
ఇద్దరూ 1940 దగ్గరే ఆగిపోయారు. నాకు అంతకంటే వింతగా అనిపించేది 1950లు. మనతోపాటు పీకేసిన లైన్ల సంగతి చూడండి. మదురై నుంచి బోడినాయకనూరు వెళ్ళే లైను. అదీ మనలాగే 1928లో పుట్టిందే, యుద్ధంలో పోయింది, 1950ల్లోనే తిరిగొచ్చింది. కేరళలో షోరనూరు–నీలంబూరు కూడా అంతే. హిమాచల్‌లో నగ్రోటా నుంచి జోగిందర్‌నగర్ దాకా పీకిన ముక్కని 1954లో మళ్ళీ వేశారు. వాళ్ళు పదీ పన్నెండేళ్ళలో తెచ్చుకున్నారు, మనకి 64 పట్టింది. ఈ పాపం తెల్లదొరల మీద వేయలేం. స్వరాజ్యం వచ్చాక జరిగిన పని ఇది.

నాకు తోచిన కారణం చెబుతా. బోడిలో ఏలకుల వ్యాపారం ఉంది. నీలంబూరులో టేకు ఉంది. జోగిందర్‌నగర్‌లో కరెంటు ఉత్పత్తి కేంద్రం ఉంది. మన దగ్గర ధాన్యం ఉంది, కానీ దానికి కాలవా ఉంది, రోడ్డూ ఉంది. కొండల్లో వాళ్ళకి రైలు తప్ప దిక్కులేదు. మనకి దిక్కులు ఎక్కువై రైలు పోయింది. నవ్వొస్తుంది గానీ అంతే.

లెక్కల మాస్టారు:
ఇదే నేను చెబుతోంది!

పాత టైంటేబుల్:
పూర్తిగా అదే కాదు లెండి. కొండల్లో కూడా అడిగేవాళ్ళు ఉంటేనే పని జరిగింది. మన లైను తిరిగి రావడానికి కూడా మనిషే కావలసి వచ్చాడు. అమలాపురం ఎంపీ బాలయోగి గారు 1998లో లోక్‌సభ స్పీకర్ కాకపోతే 2004లో కూడా పట్టాలు పడేవి కావు. పాపం ఆయన ఆ బండి చూడకుండానే 2002 మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు.

ముక్తేశ్వరం రేవు:
మాది కోటిపల్లికి అవతలి ఒడ్డు. మీరంతా ఇవతలి ఒడ్డున కూర్చుని మాట్లాడుతున్నారు, మా వైపు నుంచి కూడా ఒకసారి చూడండి.

మా అమ్మా వాళ్ళ చిన్నప్పుడు కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కి కోటిపల్లిలో దిగి బస్సు కోసం నిలబడాలి. గోదారి పోటు మీదుంటే పంటు కట్టేసేవారు, ఇక ఆ రోజుకి ప్రయాణం లేదు. అప్పుడు గనక కోటిపల్లిలో రైలుంటే మేం కళ్ళకద్దుకునేవాళ్ళం. కానీ జరిగిందేమిటి? 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చింది. అమలాపురంలో బస్సెక్కితే గోదారి మీంచి నేరుగా కాకినాడలో దిగుతున్నాం. ఆ తర్వాత రెండేళ్ళకి, 2004లో, మా ఎదురుగా రైలొచ్చింది. పంటు దాటి, రేవు నుంచి నడిచి, ఒక్క పెట్టె బండి కోసం ఎవరు కూర్చుంటారండీ?

ఆ వంతెనకి పెట్టిన పేరు కూడా బాలయోగి గారిదే. ఆయన పట్టుబట్టి రైలు తెచ్చారు, ఆయన పేరున్న వంతెనే దాని ప్రయాణికుల్ని పట్టుకుపోయింది. దీన్ని కుట్ర అంటే నేనొప్పుకోను. ముందు రావలసింది వెనకా, వెనక రావలసింది ముందూ వచ్చాయి.

గౌతమి గట్టు:
రేవు గారూ, ఈ మాట నాకు తట్టలేదండి. ఒప్పుకుంటున్నా. కానీ బండి ఎలా నడిపారో కూడా చూడాలి కదా.

నేను ఎక్కాను కాబట్టి చెబుతున్నా. కార్తీక మాసం, సోమవారం కూడా కాదు, మామూలు రోజు. కాకినాడలో ఎక్కాం. బస్సులాంటి సీట్లు, బస్సులాంటి చప్పుడు. కాసేపటికి చేల మధ్య ఆగింది. స్టేషనేమో అని కిటికీలోంచి చూస్తే రోడ్డు గేటు. బండిలోంచి ఒకాయన దిగాడు, నడుచుకుంటూ వెళ్ళి గేటు వేశాడు. బండి మెల్లగా దాటి మళ్ళీ ఆగింది. ఆయన గేటు తీసి, అటూ ఇటూ ఆగిన మోటారు సైకిళ్ళ వాళ్ళతో ఏదో అని, పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. ఇంకో గేటు దగ్గరా ఇదే తంతు. నాలుగో గేటుకి మా చిన్నాడు "ఆ మావయ్యకి కాళ్ళు నొప్పెట్టవా" అన్నాడు. ద్రాక్షారామం చేరేసరికి, మాతోపాటు కాకినాడలో బయల్దేరిన బస్సు వాళ్ళు దర్శనం చేసుకుని టిఫిన్ కూడా తిని ఉంటారు.

ఇలా నడిపి, జనం ఎక్కడం లేదు అంటే ఎలా? కాపలా గేట్లు పెట్టరు, వేగం పెంచరు, ఆఫీసుల వేళకి నడపరు. తర్వాత ఆదాయం లేదంటారు. బొబ్బిలి–సాలూరు రైలుబస్సుదీ ఇదే భాగోతం కాదా?

లెక్కల మాస్టారు:
గట్టు గారూ, గేటుకి గేట్‌మన్‌ని పెట్టాలంటే మూడు షిఫ్టులకి మనుషులు కావాలి. ఒక్క పెట్టె కోసం గేటు గేటుకీ జీతాలు ఇస్తారా? బండి రోజుకి ఒకటి తిరిగినా పది తిరిగినా కట్ట, వంతెనలు, పట్టాలు చూసే గ్యాంగ్ ఖర్చు ఇంచుమించు అంతే. కాబట్టి పది తిప్పాలి, లేదా మానెయ్యాలి. మధ్యలో ఒక్కటి తిప్పడం అందరికీ దండగ.

ఇంకో మాట అడుగుతా, కోప్పడకండి. మీరు మొత్తం ఎన్నిసార్లు ఎక్కారు?

గౌతమి గట్టు:
రెండుసార్లు. మీరడుగుతారని తెలుసు.

కాకినాడకి నా పని మీద వెళ్ళాల్సి వస్తే బండి మీదే పోతానండి, మోటారు సైకిల్ బండి. అయినా నా ఒక్కడి లెక్క కాదు కదా. కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలాళ్ళు, వాళ్ళకి బస్సు ఛార్జీకీ రైలు ఛార్జీకీ తేడా తెలుస్తుంది.

బే ఏరియా బుల్లోడు:
నోస్టాల్జియా! మా తాతగారి ఊరు వెళ్ళే బండి. ప్లీజ్ సేవ్ చేయండి.

ముక్తేశ్వరం రేవు:
బుల్లోడు గారూ, మీ తాతగారు రైలెక్కాలంటే 1940కి ముందే ఎక్కి ఉండాలి. సరే, ఆయన ఎక్కారనే అనుకుందాం. 🙂

పాత టైంటేబుల్:
అసలు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కోటిపల్లి ఆఖరి స్టేషన్‌గా ఉన్నంతకాలం ఈ లైను బాగుపడదు. 1928లో కూడా గోదారి ఒడ్డున ఆగిపోవడమే దాని జబ్బు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్లు, 2000–01 బడ్జెట్‌లోనే మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీదా వంతెనలు కావాలి. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలి. ఒక ప్రభుత్వం ఇస్తుంది, ఇంకోటి ఆపుతుంది, ఈలోపు అంచనా రెండు వేల కోట్లు దాటింది. కోటిపల్లి రేవులో నిలబడితే నీళ్ళలో స్తంభాలు కనిపిస్తాయి.

అది పూర్తయితే కాకినాడ–నరసాపురం–భీమవరం అంతా ఒకే దారి. అప్పుడు మాస్టారు చెప్పిన పది బళ్ళు వాటంతటవే వస్తాయి. అందాకా రైలుబస్సు కోసం కొట్లాడటం నాకు టైం వేస్ట్‌లా ఉంది.

గౌతమి గట్టు:
అందాకా అంటే ఎందాక? 1940లో పట్టాలు పీకాక కూడా ఎవరో ఒకరు యుద్ధం అయ్యాక వేస్తారులే అనే ఉంటారు. మా తాత ఆ కట్ట మీద గేదెల్ని తోలుకెళ్ళేవాడట. చూస్తూ చూస్తూనే దాని మీద బాట పడింది, పశువుల పాకలు లేచాయి.

లెక్కల మాస్టారు:
ఈ ఒక్క విషయంలో మీతో ఉన్నా. బండి నడపకపోయినా పర్లేదు, లైను కాపాడాలి. స్థలం ఒకసారి పోతే మళ్ళీ సేకరించడం ఈ రోజుల్లో అయ్యే పని కాదు. రైలుబస్సు అడగొద్దు, లైను నిర్వహణ అడగండి అంటాను.

గౌతమి గట్టు:
బండి నడవని లైనుకి నిర్వహణ ఎవరు చేస్తారు మాస్టారూ? నేను రెండూ అడుగుతా.

ముక్తేశ్వరం రేవు:
నేను వంతెన అడుగుతా. ఈ శివరాత్రికి కోటిపల్లి వస్తున్నాం, పంటు మీదే. గట్టు గారూ, ద్రాక్షారామం స్టేషన్ వైపు వెళ్తే ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, కట్ట ఎలా ఉందో చూద్దాం.