స్పైక్ బస్టర్ చాలా, స్టెబిలైజరే కావాలా?

వేళచ్చేరి కుర్రాడు:
మొన్నటి ఉరుముల వానకి మా ఫ్లాట్‌లో టీవీ పోయింది. స్పైక్ బస్టర్‌కే పెట్టాను, దాని ఎర్ర లైటు ఇప్పటికీ వెలుగుతోంది! మెకానిక్ స్టెబిలైజర్ కొనమంటున్నాడు, మా బావ అవన్నీ దండగంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పల్లావరం మాస్టారు:
స్టెబిలైజరే కొను నాయనా. స్పైక్ బస్టర్ ఒట్టి ప్లగ్ బోర్డు.

సోల్డర్ ఐరన్:
మాస్టారూ, నేను ఒప్పుకోను. చెన్నై రిచ్చీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారు దగ్గర తొమ్మిదేళ్లుగా బోర్డులు బాగుచేస్తున్నాను. స్టెబిలైజర్లో రిలే, అంటే లోపల దానంతటదే మారే స్విచ్, కదలడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, పిడుగు వల్ల లైన్లోకి వచ్చే సర్జ్ మైక్రోసెకన్లలో పని కానిచ్చేసి పోతుంది. దాన్ని పట్టేది ఎంఓవీ, అంటే జింక్ ఆక్సైడ్‌తో చేసిన చిన్న బిళ్ల, ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య కూర్చుంటుంది, 230 వోల్టుల దగ్గర ఉలకదు పలకదు, వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకితే మాత్రం ఆ కరెంటును తనగుండా లాగేసుకుంటుంది. 275 వోల్టుల బిళ్ల కూడా గట్టి సర్జ్‌ని 700 దగ్గర గానీ ఆపలేదు, అయినా వేల వోల్టులు బోర్డు మీద పడటం కంటే ఎంతో నయం కదా. ఒక్కో దెబ్బకీ అది కొంచెం కొంచెం పాడవుతుంది. అది పోయినా స్పైక్ బస్టర్లో కరెంటు మామూలుగానే వస్తుంది. చాలా బోర్డుల్లో ఆ ఎర్ర లైటుకి అర్థం కరెంటు ఉందని మాత్రమే. తమ్ముడూ, ప్లగ్ పీకేసి, విప్పి చూడు. బిళ్ల పగిలి ఉంటుంది, లేదా చుట్టూ మసి ఉంటుంది.

పల్లావరం మాస్టారు:
మరి మా వీధిలో న్యూట్రల్ తెగి వోల్టేజీ 350 దాటినప్పుడు మీ బిళ్ల ఏం చేసింది? పక్కింట్లో స్పైక్ బస్టరే కాలి ముద్దయింది. మా స్టెబిలైజర్ కట్ చేసింది, ఫ్రిజ్ బతికింది.

సోల్డర్ ఐరన్:
అది నిజమే మాస్టారూ, నేను ముందే చెప్పాల్సింది. న్యూట్రల్ తెగితే 400 దాకా వచ్చి నిమిషాల తరబడి ఉండొచ్చు, ఆ వేడి ఎంఓవీ భరించలేదు. పక్కన థర్మల్ ఫ్యూజ్, అంటే వేడెక్కితే తెగిపోయే ఫ్యూజ్, లేకపోతే అంటుకుంటుంది కూడా. దానికి హై కట్ (వోల్టేజీ మరీ పెరిగితే కరెంటు ఆపేసేది) ఉన్న స్టెబిలైజర్ గానీ, మెయిన్ దగ్గర వోల్టేజ్ ప్రొటెక్టర్ గానీ కావాలి. కానీ పిడుగుకి అదొక్కటే చాలదు, ఆ మాట మీద మాత్రం నేను నిలబడతాను. ఎర్తింగ్ కూడా చూపించు తమ్ముడూ, అది లేకపోతే ఎర్త్ వైపు పెట్టిన బిళ్లలు ఉన్నా లేనట్టే.

వేళచ్చేరి కుర్రాడు:
విప్పానన్నా. పగలడం కాదు, అసలు బిళ్లే లేదు! మూడు ఇత్తడి పట్టీలు, ఒక స్విచ్, ఆ ఎర్ర లైటు, అంతే. ఎర్తింగ్ చూడటానికి ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని రమ్మన్నాను.