బూట్లు కుట్టే పని, వయొలిన్: రెండూ ఒక్క సీసాలో ఇముడుతాయా?

పరిమళం:
ఒక చిన్న పెర్ఫ్యూమ్ సంస్థ శాంపిల్ చేతికొచ్చింది. చేత్తో బూట్లు కుట్టే పనితనం, శాస్త్రీయ సంగీతం తమకు స్ఫూర్తి అని పెట్టె మీద రాశారు. మణికట్టు మీద రాసుకుంటే తోలు, పొగ, గంట తర్వాత మైనం లాంటి తీపి తెలిశాయి. తోలు సరే, సంగీతం ఎక్కడుంది? నా మటుకు అది పెట్టె మీది కథే. మీరేమంటారు?

మెట్లు:
ఈ ప్రయత్నం పాతదేనండీ. పంతొమ్మిదో శతాబ్దంలోనే సెప్టిమస్ పీస్ అనే పెర్ఫ్యూమ్ తయారీదారు వాసనలను సరిగమల్లా మెట్ల మీద పేర్చి చూపించాడు. ఈ వృత్తిలో వాడే 'నోట్' (స్వరం), 'అకార్డ్' (స్వరాల కలయిక) సంగీతం మాటలే. సీసాలను వరసలు వరసలుగా పేర్చుకునే బల్లను కూడా, మెట్ల వాద్యం పేరుతో, ఆర్గన్ అనే అంటారు.

పరిమళం:
మాటలు అరువు తెచ్చుకుంటే పాట వినపడదు కదండీ. ఏ స్వరానికి ఏ పువ్వు అన్నది పీస్ ఇష్టం. ఇంకొకరు పేరిస్తే ఇంకోలా ఉంటుంది.

ఆరె-దారం:
నేను బూట్లు కుట్టేవాణ్ణి. సంగీతం సంగతి తర్వాత, ముందు ఆ తోలు సంగతి తేల్చండి. నా గదిలో మొదట తగిలేది సొల్యూషన్ ఘాటు. తర్వాత పాలిష్, రిపేరుకొచ్చిన బూటు లోపలి చెమట. ఇవన్నీ తీసేసి, మెత్తటి పొగ వాసన పెట్టి, మా పనితనం అంటే ఎలా? మా పేరు వాడుకుంటున్నారు, మా పని వాడుకోవట్లేదు.

మెట్లు:
మీ కోపం న్యాయమే. అయితే ఆ పొగ కల్పించింది కాదు. ఒకప్పుడు రష్యాలో తోలుకు బిర్చ్ బెరడు నుంచి తీసిన నూనె పట్టించేవారు. ఆ వాసనే పెర్ఫ్యూముల్లో 'తోలు'గా నిలిచిపోయింది. చేదు, పచ్చిదనం కావాలంటే ఐసోబ్యుటైల్ క్వినొలిన్ అనే రసాయనం కలుపుతారు. 1944 నాటి 'బాండిట్' అనే పెర్ఫ్యూములో దాని రూపకర్త జెర్మెయిన్ సెలియే దాన్ని దండిగా వాడింది. అది మెత్తటి వాసన ఎంతమాత్రం కాదు.

బూట్లు, పాట, వాసన కలిసిన చోటు కూడా ఒకటుంది. 1868లో మ్యూనిక్‌లో మొదటిసారి ఆడిన, జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఒపేరా (పాటల నాటకం) 'డీ మైస్టర్‌జింగర్'. అందులో హాన్స్ సాక్స్ బూట్లు కుట్టేవాడు, కవి కూడా. సాయంత్రం పనికి కూర్చుంటే ఎల్డర్ పూల వాసన అతన్ని పని చేయనివ్వదు. తర్వాత ఒకడు పాడుతుంటే, తప్పు దొర్లిన ప్రతిసారీ బూటు అడుగు మీద సుత్తితో కొడతాడు. పాట అయ్యేసరికి బూట్లు తయారు!

పరిమళం:
బాగుంది. కానీ ఈ సీసాలో పూలే లేవే.

ఫిడేలు:
పూలు వద్దు, బంక చూడండి. నేను వయొలిన్ వాయిస్తాను. కమానుకు రోజిన్ రుద్దకపోతే వెంట్రుకలు తీగ మీద జారిపోతాయి, శబ్దమే రాదు. రోజిన్ అంటే పైన్ చెట్టు బంక నుంచి తీసిందే. రుద్దగా రుద్దగా తీగల కింద తెల్లటి పొడి పడుతుంది. పెట్టె తెరిస్తే పాత చెక్కతో కలిసి ఆ వాసన సన్నగా వస్తుంది. చేత్తో కుట్టేవాళ్లు దారానికి పట్టించే ముద్దలోనూ రోజిన్, తేనె మైనం ఉంటాయని విన్నాను. ఆరె-దారం గారూ, నిజమేనా? నిజమైతే వీళ్లు రెండు వేరు వేరు కథలు అతికించలేదు. దారం జారకుండా, కమాను జారకుండా పట్టి ఉంచేది ఒకటే బంక. పరిమళం గారు చెప్పిన మైనం తీపి కూడా అక్కడిదే అనుకుంటున్నాను.

ఆరె-దారం:
నిజమే. తారు, రోజిన్, తేనె మైనం కరిగించి కలుపుతాం. ఇప్పుడే ముద్దను వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. వేడెక్కాక తేనె, దాని వెనక చెట్టు. దారాన్ని దాని మీదుగా గట్టిగా లాగితే కిర్రుమంటుంది కూడా. ఇన్నేళ్లలో వయొలిన్ గుర్తుకు రాలేదు. మైనం వరకు ఒప్పుకుంటాను. చెమట లేని బూటు మాత్రం ఒప్పుకోను.

పరిమళం:
రాత్రి మళ్లీ రాసుకున్నాను. నాలుగు గంటలకు పొగ పోయింది, ఆ చెట్టు వాసన మిగిలింది. ఫిడేలు గారూ, మీ రోజిన్ ముదురు రంగుదా, లేతదా? వాసనలో తేడా ఉంటుందా?