జొన్న రొట్టె చప్పుడు రికార్డు చేస్తే ఫ్యాను మోత పైకీ కిందికీ పోతోంది, ఏం చేయాలి?

కల్వకుర్తి చెల్లె

అందరికీ నమస్తే. మా కాలేజీ పిల్లలు పోయిన నెల ఒక షార్ట్ ఫిల్మ్ తీశారు. వంటింటి సీన్‌కు జొన్న రొట్టె కొట్టే చప్పుడు కావాలని నెట్టంతా వెతికారు. చపాతీ కర్ర చప్పుడు దొరికింది, కూరగాయలు తరిగేది దొరికింది, చేత్తో రొట్టె కొట్టేది మాత్రం దొరకలేదు. మా ఇంట్లో అమ్మ రోజూ పొద్దున కొడుతూనే ఉంటుంది కదా, నేనే రికార్డు చేసి ఎవరైనా వాడుకునేలా ఫ్రీగా పెడదామనుకున్నాను.

ఫోన్‌లో చేశాను. అమ్మ చెయ్యి పడ్డప్పుడు ఫ్యాను మోత అణిగిపోతోంది, చెయ్యి ఆగగానే బుస్సుమని లేస్తోంది. ఊపిరి పీల్చి వదిలినట్టుంది. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో నాయిస్ రిడక్షన్ (వెనక మోత తగ్గించేది) పెట్టి చూస్తే రొట్టె నీళ్లలో మునిగి కొట్టినట్టు వస్తోంది. మంచి మైకు కొనాల్సిందేనా? ఇంకో డౌట్, ఫ్రీగా పెట్టాలంటే ఏ లైసెన్స్ పెట్టాలి? ఎవరో వాడుకుని డబ్బు చేసుకుంటే నాకేమీ బాధ లేదు గానీ, నా ఫైలే నన్ను వాడొద్దంటే ఎట్లా అని టెన్షన్.

నల్లగొండ ఎడిటర్

మైకు కొనకు చెల్లె, ఆగు. నీ ఫ్యాను మోత పైకీ కిందికీ పోవడానికి కారణం ఫోనే. ఫోన్ రికార్డరు మాట కోసం తయారైంది. చప్పుడు పెద్దదైతే తనంతట తానే గొంతు తగ్గిస్తుంది, నిశ్శబ్దమైతే పెంచుతుంది. ఫోన్ మాట్లాడటానికి అది మేలే, రొట్టెకు చేటు. ఆండ్రాయిడ్ 7 నుంచి 'అన్‌ప్రాసెస్డ్' అని, చప్పుడును మార్చకుండా ఉన్నదున్నట్టు తీసుకునే దారి ఒకటి ఇచ్చారు, కొన్ని ఫోన్లలో పనిచేస్తుంది. రికార్డింగ్ యాప్ సెట్టింగుల్లో 'ఆడియో సోర్స్' అని ఉంటే అందులో అది ఎంచుకో. అది లేకపోతే 'వాయిస్ రికగ్నిషన్' పెట్టి చూడు, చాలా ఫోన్లలో ఆ ఎత్తుదించే పని అక్కడ ఉండదు. ఐఫోన్ అయితే వాయిస్ మెమోస్ సెట్టింగుల్లో నాణ్యతను 'లాస్‌లెస్' చేయాలి, అది ఫైల్ నాణ్యత కోసమే.

వేవ్ ఫైల్‌గా దాచుకో. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో అయితే నిమిషానికి దాదాపు 5.8 ఎంబీ, అంతే. వీడియోవాళ్లంతా 48లోనే పని చేస్తారు కాబట్టి 44.1 కన్నా అదే నయం. ఇంకొకటి, ఎవరికైనా వినిపించాలంటే వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా పంపకు, పిండి పిండి చేసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు.

ఇక ఫ్యాను. ఆపెయ్. ఉక్కపోస్తుంది, పది నిమిషాలే కదా.

కల్వకుర్తి చెల్లె

ఫ్యాను ఆపి మళ్లీ చేశాను అన్నా. ఊపిరి పోయింది! కానీ వెనకాల సన్నగా 'మ్మ్మ్' అని ఒకటి ఉంది. ఫ్రిజ్ పక్క రూములో ఉంది, దాన్ని కూడా ఆపాను. అయినా ఉంది.

నల్లగొండ ఎడిటర్

ట్యూబులైటు చూడు, చోక్ గునుస్తుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఆ గునుపు 50లో, 100లో, 150లో కూర్చుంటుంది. ఛార్జరు పెట్టిన ఫోన్‌తో రికార్డు చేసినా వస్తుంది.

అసలు సంగతి చెప్పనా, కరెంటు పోయినప్పుడు రికార్డు చేసుకో. మన ఊళ్లలో దానికేం కొదవ లేదు కదా. ఇంట్లో ఒక్క యంత్రం ఉండదు, వీధిలో మోటార్లు ఉండవు. నేను పెళ్లి వీడియోలకు గాజుల చప్పుడు, గిన్నెల చప్పుడు అట్లానే కూడబెట్టుకున్నాను. పక్కింటోళ్లకు జనరేటరు ఉంటే మాత్రం నీ ఖర్మ.

వనపర్తి, ఇప్పుడు హైదరాబాద్

సౌండ్ పనిలో ఉన్నవాణ్ణి, ఒక మాట కలుపుతాను. ఫోన్ ఎంత దూరంలో పెట్టారు చెల్లీ?

కల్వకుర్తి చెల్లె

పొయ్యి గట్టు మీద సార్. అమ్మ కింద కూర్చుని బండ మీద కొడుతుంది. నాలుగైదు అడుగులు ఉంటుంది.

వనపర్తి, ఇప్పుడు హైదరాబాద్

అక్కడే ఉంది తిరకాసు. దూరం సగం చేసిన ప్రతిసారీ అసలు చప్పుడు 6 డీబీ (డెసిబెల్, చప్పుడు కొలత) పెరుగుతుంది, గది మోత మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. నాలుగడుగుల నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి వస్తే 12 డీబీ లాభం. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత శుభ్రంగా ఇవ్వదు. ఫోన్‌ను బండ మీద మాత్రం పెట్టకండి, దెబ్బ రాయిలోంచి ఎక్కి 'దడ్ దడ్' అంటుంది. పక్కన బోర్లించిన గిన్నె మీద మడత పెట్టిన తువ్వాల వేసి, దాని మీద పెట్టండి. మైకు రంధ్రం అమ్మ చేతుల వైపు ఉండాలి, పిండి ఎగిరి పడకుండా కాస్త పక్కకు.

స్లాబు ఇల్లు, టైల్సు ఉంటే గది మోగుతుంది. ఇంట్లో గొంగడి ఉందా? తాడు కట్టి అమ్మ వెనకాల వేలాడదీయండి, రెండు ఉంటే మూలకు రెండు వైపులా. మన కుర్మోళ్లు నేసిన ఉన్ని గొంగడి స్టూడియోలో వాడే దుప్పట్లకేం తీసిపోదు. సన్నటి మోతలన్నీ మింగేస్తుంది. లావు గునుపు మీద పనిచేయదు, దానికి ఎడిటర్ గారు చెప్పినట్టు కరెంటు పోవాల్సిందే.

చప్పుడును ఒకే ముద్దగా తీసుకోకండి. వేణ్ణీళ్లు పిండిలో పోసేది వేరు. పిండి పిసికేది వేరు, అది తడి చప్పుడు. ముద్ద బండ మీద పడేది ఒకటి. కొట్టడం మొదట్లో ముద్ద మందంగా ఉండి 'తప్ తప్' అంటుంది, రొట్టె పలచబడేకొద్దీ 'టప్ టప్' అని పైకెక్కుతుంది, ఆ ఎక్కడం వినేవాళ్లకే తెలుస్తుంది. పెనం మీద వేశాక తడి గుడ్డతో రాస్తే 'సుయ్'. అన్నీ వేర్వేరు ఫైళ్లు. ఒక్కోటి ఐదారు సార్లు. చివర్లో ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ గదిని కూడా రికార్డు చేయండి. కోతలు పడ్డచోట అతకడానికి అదే కావాలి, నాయిస్ రిడక్షన్‌కు నమూనా కూడా అదే. ఆ రిడక్షన్ 6 డీబీ దగ్గర ఆపండి. 20, 24 పెడితేనే మీరన్నట్టు నీళ్లలో మునిగేది.

అమ్మ గాజులు తీయమని చెప్పకండి, రెండూ చేయండి. గాజులతో ఒకటి, లేకుండా ఒకటి.

పోచంపల్లి మగ్గం ఇల్లు

చర్చ బాగుంది. నాదీ ఒక అనుభవం. మా నాయన గుంట మగ్గం చప్పుడు మొత్తం రికార్డు చేశాను. నాడె అటు నుంచి ఇటు ఉరికే చప్పుడు, పన్నె పడే దెబ్బ, కాళ్ల కింద పలకల కిర్రు. రెండు రోజులు కూర్చున్నాను. తీరా వింటే వెనకాల రేడియోలో పాటలు. మగ్గం మీద కూర్చున్నోళ్లకు పాటలు లేకపోతే చెయ్యి ఆడదు, నా చెవులకు అలవాటైపోయి పట్టనే లేదు. అన్నీ తీసెయ్యాల్సి వచ్చింది.

మళ్లీ నాయనను బతిమాలి రేడియో ఆపించాను. అప్పుడు పక్కింటి ఆసు మిషను (చీర దారాన్ని మేకుల మీద చుట్టేది) చప్పుడు దొరికిపోయింది. చింతకింది మల్లేశం గారు 1999లో ఆ మిషను తేకముందు మా అమ్మావాళ్లు ఒక్క చీరకు చేతిని తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పేవారు. చేతి ఆసుకు చప్పుడే ఉండదు, మేకుల మీద దారం జారే 'సర్ సర్' అంతే. దాన్నీ రికార్డు చేద్దామని అమ్మను అడిగితే, భుజం చూపించి దండం పెట్టింది. నేనూ మళ్లీ అడగలేదు.

నల్లగొండ ఎడిటర్

పాటల విషయం గట్టిగా పట్టుకో చెల్లె. గుడి మైకు, పక్కింటి టీవీ, ఎవరి రింగ్‌టోనైనా పడితే ఆ ఫైల్ ఫ్రీగా ఇచ్చే హక్కు నీకు లేదు. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు విడుదలైన తర్వాత 60 ఏళ్లు హక్కులుంటాయి. మనుషుల మాటలు పడితే వాళ్లనూ అడగాలి. మీ అమ్మ కొడుతూ కొడుతూ ఎవరినో తిడితే అది కూడా కోసెయ్!

కల్వకుర్తి చెల్లె

తిట్టింది అన్నా, నన్నే. కోసేశాను.

లైసెన్స్ సంగతి ఎవరైనా చెప్పండి.

వనపర్తి, ఇప్పుడు హైదరాబాద్

రొట్టె చప్పుడు ఎవరి సొత్తూ కాదు, మీరు చేసిన రికార్డింగ్ మాత్రం మీది. దాన్ని ఇచ్చే దారులు ప్రధానంగా మూడు, అన్నీ సీసీ, అంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. సీసీ జీరో అంటే హక్కులన్నీ వదిలేసినట్టే, పేరు కూడా వేయక్కర్లేదు. సీసీ బై అంటే వాడుకో, నా పేరు వెయ్యి. మూడోది సీసీ బై ఎన్‌సీ, వ్యాపారానికి వాడొద్దని. చాలామంది మంచి ఉద్దేశంతోనే మూడోది పెడతారు, నాకది నచ్చదు. యాడ్స్ వచ్చే చిన్న యూట్యూబ్ ఛానెల్ పిల్లవాడు కూడా వాడాలా వద్దా అని భయపడతాడు. వికీపీడియావాళ్ల ఫైళ్ల భండారం వికీమీడియా కామన్స్ అయితే దాన్ని తీసుకోనే తీసుకోదు. షార్ట్ ఫిల్మ్ పిల్లలు ఒక సినిమాలో నలభై చప్పుళ్లు వాడతారు, నలభై పేర్లు ఎక్కడ వేస్తారు? చిన్న చిన్న ఎఫెక్టులకు నా ఓటు సీసీ జీరోకే. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు, ఆలోచించుకుని పెట్టండి.

పెట్టే చోటు అంటే, ఫ్రీగా చప్పుళ్లు పంచుకునే ఫ్రీసౌండ్ సైటు బాగుంటుంది. బార్సిలోనాలోని పోంపేయు ఫాబ్రా యూనివర్సిటీ సంగీత సాంకేతిక విభాగంవాళ్లు 2005లో మొదలుపెట్టారు. కొత్తవాళ్ల ఫైళ్లను మనుషులే విని ఓకే చేస్తారు కాబట్టి వెంటనే కనిపించలేదని కంగారు పడకండి. మ్యాపు మీద చోటు గుర్తించమంటుంది. ఇంటి మీద గుండు సూది గుచ్చకండి, ఊరి పేరు రాస్తే చాలు.

మీ టెన్షన్ నిజమైనదే. నేను ఫ్రీగా పెట్టిన వాన చప్పుడును ఒకాయన తన పాటలో కలిపి యూట్యూబ్‌లో తనదిగా రిజిస్టరు చేసుకున్నాడు, తర్వాత నా వీడియోకే ఇది ఆయన సొత్తని క్లెయిమ్ వచ్చింది. అసలు ఫైల్, పెట్టిన తేదీ చూపించి డిస్ప్యూట్ వేస్తే పోయింది. కాబట్టి కోయని మొదటి రికార్డింగులను పారేయకండి.

మిర్యాలగూడ నుంచి

వాన మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా మిల్లు రేకుల షెడ్డు మీద వాన రికార్డు చేశాను. లూప్‌గా పెడితే ప్రతి నిమిషానికి 'టక్' అని ఎగురుతోంది. నాగార్జున సాగర్ డ్యాము గేట్లు ఎత్తినప్పుడు కూడా పోయి రికార్డు చేశా, అది ఇంకా ఘోరం.

వనపర్తి, ఇప్పుడు హైదరాబాద్

ఎంపీ3గా పెట్టారు కదూ? ఎంపీ3 తయారయ్యేటప్పుడు మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది, లూప్ అక్కడ తెగుతుంది. వేవ్ లేదా ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫైల్) పెట్టండి. అయినా తెగితే, ఫైల్‌ను నడిమికి కోసి వెనక సగాన్ని ముందుకు తెచ్చి, మధ్యలో పడ్డ అతుకును రెండు మూడు సెకన్ల క్రాస్‌ఫేడ్‌తో (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా) కలపండి. ఇప్పుడు చివర, మొదలు ఒకప్పుడు పక్కపక్కన ఉన్నవే కాబట్టి ఎగరదు.

సాగర్‌కు మొత్తం 26 గేట్లు, ఎన్ని ఎత్తినా మైకుకు అది సిగ్నల్ లేని టీవీ మోతే. కంటికి అంత గొప్పగా కనిపించేది చెవికి ఉత్త 'హోఁ'. నీళ్లు కావాలంటే కాలువ తూము దగ్గర, రాళ్ల మధ్య పారేచోట చేయండి. లేదంటే ఇంట్లో బిందె నింపండి. నిండేకొద్దీ చప్పుడు సన్నబడి పైకి ఎక్కుతుంది, కళ్లు మూసుకున్నా ఎంత నిండిందో చెప్పొచ్చు.

కల్వకుర్తి చెల్లె

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. అమ్మను లేపి కూర్చోబెట్టాను, ఈ వేళప్పుడు రొట్టెలేందే అంటూనే కొట్టింది. గొంగడి ఒకటి వెనకాల, ఫోన్ అడుగు దూరం. పదకొండు ఫైళ్లు వచ్చాయి. పేర్లు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పెట్టాను, 'జొన్న రొట్టె, చేత్తో కొట్టడం, రాతి బండ, గాజులు లేకుండా, దగ్గర నుంచి' అని. సీసీ జీరో పెట్టేశాను. ఈ రోజు పొద్దున ఓకే అయ్యాయి.

ఇప్పుడు అమ్మకే ఉత్సాహం వచ్చింది. అటక మీది ఇసుర్రాయి దించి కడిగి ఎండబెట్టింది. దానికేమైనా వేరే జాగ్రత్త ఉందా?

నల్లగొండ ఎడిటర్

ఖాళీగా తిప్పనీయకు, రాయి రాయి రాసుకుని గిచ్చినట్టు వస్తుంది. గుప్పెడు గుప్పెడు జొన్నలు పోయించు, గింజ పడ్డప్పుడు చప్పుడు మారేది కూడా కావాలి. కింద గోనె సంచి పరచు. లావు చప్పుడు కాబట్టి కింది మోతలు కోయొద్దు, 80 హెర్ట్జ్ ఫిల్టరు దీనికి పెట్టకు. తిప్పడం ఆపాక పై రాయి చుట్టు తిరిగి నిలబడేదాకా రికార్డు ఆపకు. చాలామంది అక్కడే తొందరపడి నొక్కేస్తారు.