పీనల్ కోడ్ అందరికీ ఒకటే కదా, మరి తెల్లవాళ్లకి వేరే న్యాయం ఎలా నడిచింది?

అడిగినవారు: కృష్ణాతీరం
1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ చదువుతున్నాను. హత్యకైనా దెబ్బకైనా నేరం చేసినవాడెవడైనా ఒకే శిక్ష అని ఉంది, రంగు ప్రస్తావన లేదు. కానీ దొర కొట్టి చంపితే పాతిక, ముప్పై రూపాయల జరిమానాతో బయటపడేవాడని చదువుతుంటాం. తేడా చట్టంలోనే ఉందా, జడ్జీల మనసులోనా? ఇల్బర్ట్ బిల్లుతో అది పోయిందా?

జవాబు: పాత దస్తావేజు
పీనల్ కోడ్‌లోనూ ఒకచోట ఉందండి, 56వ సెక్షన్. ద్వీపాంతర శిక్ష పడాల్సిన నేరం యూరోపియనో అమెరికనో చేస్తే దానికి బదులు పీనల్ సెర్విట్యూడ్ (కఠిన శ్రమతో కూడిన జైలు) వెయ్యాలి. అంటే అండమాన్ మనవాళ్లకే. అయితే అసలు సరుకంతా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే విచారణ ఎలా జరపాలో చెప్పే చట్టంలో ఉంది. 1898 కోడ్ తీసి 33వ అధ్యాయం, 443 నుంచి 463 వరకు చూడండి.

నిందితుడు 'యూరోపియన్ బ్రిటిష్ సబ్జెక్ట్' అయితే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా దాటి వెయ్యకూడదు. జిల్లా మేజిస్ట్రేటుకి ఆరు నెలలు, రెండు వేలు. మనవాడికి ఉరిశిక్ష వెయ్యగల సెషన్స్ జడ్జి (హైకోర్టు ఖరారు చెయ్యాలి, అది వేరు) తెల్లవాడికి ఏడాది జైలు మించి వెయ్యలేడు. అది చాలదనిపిస్తే కేసు హైకోర్టుకి పంపాలి. ఉరి గానీ యావజ్జీవ ద్వీపాంతరం గానీ పడే నేరమైతే మొదటి నుంచే హైకోర్టు. జిల్లాలో జరిగిన నేరానికి సాక్షులు మద్రాసు దాకా పోవాలి. కూలివాడికి అది ఎంత భారమో వేరే చెప్పక్కర్లేదు. చాలా కేసులు అక్కడే చచ్చేవి.

జవాబు: గుత్తి కోట
ఇల్బర్ట్ బిల్లు గురించి. 1877 నుంచే కలకత్తా లాంటి ప్రెసిడెన్సీ నగరాల్లో భారతీయ మేజిస్ట్రేటు తెల్లవాణ్ణి విచారించవచ్చు. అదే అధికారి జిల్లాకి బదిలీ అయితే ఆ అధికారం పోతుంది. 1882లో ఐసీఎస్ అధికారి బిహారీలాల్ గుప్తా ఎత్తిచూపింది ఇదే. 1883లో వైస్రాయ్ రిప్పన్ ప్రభుత్వం ఈ తేడా తీసెయ్యడానికి ఇల్బర్ట్ బిల్లు పెట్టగానే తోటల దొరలు, కలకత్తా వ్యాపారులు దేశమంతా గోల చేశారు. చివరికి 1884లో కుదిరిన రాజీ ఏమిటంటే, భారతీయ జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి విచారించవచ్చు గానీ తెల్ల నిందితుడు కోరితే సగానికి తక్కువ కాకుండా యూరోపియన్లో అమెరికన్లో ఉన్న జ్యూరీని పెట్టాలి.

లెక్క వేసి చూడండి. హైకోర్టు జ్యూరీ తొమ్మిది మంది. సగానికి తగ్గకూడదంటే కనీసం ఐదుగురు తెల్లవాళ్లు. శిక్ష పడాలంటే కనీసం ఆరుగురు ఒకమాట మీద ఉండి జడ్జి కూడా ఒప్పుకోవాలి. ఆ ఐదుగురూ కలిసి కాదంటే మిగిలిన నలుగురూ ఔనన్నా దోషి అనే తీర్పు రాదు. పక్షపాతం జ్యూరీ సభ్యుడి మనసులో ఉందా లేదా అనే ప్రశ్నకి ముందే అంకెల్లో స్థిరపడిపోయింది.

మన గుంతకల్లు కేసు గుర్తుపెట్టుకోవాల్సింది. 1893 అక్టోబరులో ఇద్దరు ఆడవాళ్లను తెల్ల సోల్జర్ల బారి నుంచి కాపాడబోయిన రైల్వే గేట్‌మన్ హంపన్నను కాల్చి చంపారు. గుత్తి వకీలు కేశవ పిళ్లై దాన్ని వదలకుండా పట్టుకున్నారు. కేసు మద్రాసు హైకోర్టుకి వెళ్లింది, నిందితుడు నిర్దోషిగా బయటికొచ్చాడు. హంపన్నకి గుంతకల్లులో స్మారకం ఉంది.

కృష్ణాతీరం: ధన్యవాదాలండి. మరి మనవాళ్లకి జిల్లాల్లో జ్యూరీ ఉండేది కాదా? ఆ ముప్పై రూపాయల సంగతేమిటి?

జవాబు: పాత దస్తావేజు
చాలా జిల్లాల్లో అసెసర్లే, అంటే జడ్జికి అభిప్రాయం చెప్పే స్థానికులు. వాళ్ల అభిప్రాయానికి జడ్జి కట్టుబడనక్కర్లేదు.

ముప్పై రూపాయలది ఆగ్రా ఫుల్లర్ కేసు, 1876. ఫుల్లర్ అనే తెల్ల వకీలు తన గుర్రపువాణ్ణి కొట్టాడు, ప్లీహం పగిలి వాడు చనిపోయాడు. మలేరియా ప్రాంతాల్లో ప్లీహం ఉబ్బి ఉంటుంది, చిన్న దెబ్బకే పగులుతుంది అని డాక్టర్లు చెప్పేవారు. ఆ మాట రాగానే ప్రాణం తియ్యాలనే ఉద్దేశం లేదు, పెద్ద గాయం చెయ్యాలనే ఉద్దేశమూ లేదు అని నేరం పీనల్ కోడ్ 323వ సెక్షన్‌కి, అంటే మామూలు దెబ్బకి దిగిపోతుంది. దాని కింద కూడా ఏడాది జైలు వెయ్యవచ్చు, అయినా మేజిస్ట్రేటు వేసింది ముప్పై రూపాయలు. వైస్రాయ్ లిట్టన్ ఆ మేజిస్ట్రేటును బహిరంగంగా తప్పుపట్టాడు. ప్లీహం పేరుతో ఇలాంటి కేసులు తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి.

ఇక ముగింపు. 1923 సవరణ చాలా తగ్గించింది గానీ పూర్తిగా తీసెయ్యలేదు. మిగిలిన జాతి భేదాలను, 56వ సెక్షన్‌తో సహా, తొలగించింది 1949 నాటి 17వ చట్టం. ఏప్రిల్ 6న అమల్లోకి వచ్చింది, అంటే స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఏడాదిన్నర పైగా ఆ సెక్షన్ పుస్తకంలో ఉంది.

జవాబు: సెషన్స్ బెంచి
పాత తీర్పులు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. పేరు ఇంగ్లీషుది కాబట్టి ఈ హక్కులన్నీ వచ్చాయనుకోకండి. బ్రిటన్‌లోనో తెల్లవాళ్ల వలసల్లోనో పుట్టిన, లేదా అక్కడ పౌరసత్వం పొందిన, లేదా స్థిరనివాసం ఉన్న బ్రిటిష్ ప్రజ అయి ఉండాలి, లేదా అలాంటివాడికి చట్టబద్ధమైన పెళ్లి వల్ల కలిగిన బిడ్డో మనవడో అయి ఉండాలి. పెళ్లి రుజువు లేని ఆంగ్లో ఇండియన్ బయటే. పైగా మేజిస్ట్రేటు ముందే ఆ హోదా అడగాలి. అడక్కపోతే వదులుకున్నట్టే అని 454వ సెక్షన్. కాబట్టి ముందు కింది కోర్టు రికార్డులో ఆ క్లెయిమ్ నమోదైందో లేదో చూడండి. లేకపోతే ఆ కేసుకి 33వ అధ్యాయం లెక్కలు వర్తించవు.