రోళ్లపాడు గడ్డిలో గొర్రెల్ని మేపనివ్వాలా?

కర్నూలు బైకర్:
మొన్న ఆదివారం నందికొట్కూరు మీదుగా రోళ్లపాడు పోయొచ్చాం. (2022 నుంచి అది నంద్యాల జిల్లా లెక్క, మా నోటికి మాత్రం ఇంకా కర్నూలే.) 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం పెట్టిన అభయారణ్యం కదా, పిట్ట మాత్రం కనబడలేదు. కృష్ణజింకలు మందలు మందలు. హద్దు అవతల గొర్రెల కాపరి ఒకాయన కలిసి, "మా చిన్నప్పుడు గొర్రెలూ ఉన్నాయి, పిట్టా ఉండె. గొర్రెల్ని తరిమినారు, పిట్టా పాయె" అన్నాడు. ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. మేపనిస్తే తప్పేంటి?

గడ్డిపరక:
అన్నా, గొర్రెల వెంట కుక్కలొస్తాయి. బట్టమేక నేల మీద ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. దేశం మొత్తంలో బయట బతికేవి దాదాపు 150 మాత్రమే మిగిలిన పిట్టతో ప్రయోగాలా? పైగా గడ్డి ఆ ఒక్క పిట్టదే కాదు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి హ్యారియర్ గద్దలొచ్చి రాత్రిళ్లు గడ్డిలోనే పడుకుంటాయి. పొద్దుగూకే వేళ చూడాలి. ఒక్కొక్కటే వచ్చి, తక్కువ ఎత్తులో రెండు చుట్లు తిరిగి, టపీమని గడ్డిలోకి దిగిపోతుంది. ఆ చోటే చూస్తూ నిలబడినా మళ్లీ కనబడదు. గొర్రెలు కొరికేసిన నేలలో అది ఎక్కడ దాక్కోవాలి?

శనగచేను:
గొర్రెల గురించి మాట్లాడతారు, గద్దల గురించి మాట్లాడతారు, మమ్మల్ని అడిగేవాడు లేడు. శనగ తలలు తుంచితే కొమ్మలేస్తుందని మేమే తుంచుతాం. జింకలు తలలతో ఆపితే దండం పెడతాం సామీ! మొదలుదాకా మేసి పోతున్నాయి. టార్చిలైటు పట్టుకుని రాత్రంతా చేన్లోనే. రాయి విసరాలన్నా కేసు భయం. నష్టపరిహారానికి అర్జీ పెట్టి రెండేళ్లు తిరిగా, బస్సు ఛార్జీలు కూడా రాలేదు.

రిటైర్డు మాస్టారు:
మధ్యప్రదేశ్‌లో కరేరా అని ఒక అభయారణ్యం ఉండేది. అదీ బట్టమేక కోసమే పెట్టారు. జింకలు పెరిగాయి, రైతులు తిరగబడ్డారు, పిట్ట కనుమరుగైంది. మనమూ ఆ దారిలోనే ఉన్నాం. అసలు అభయారణ్యం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది, దానికి ఆ చోటు ఏమూలకు? అది చుట్టుపక్కల మెట్ట చేలల్లో మిడతలు ఏరుకుని తిని బతికింది. సాగునీళ్లొచ్చాక పైర్లు మారాయి, చేల తీరే మారిపోయింది. కంచె లోపల ఏం చేసినా సగం పనే. అయినా ఒక మాట: కుక్కలు లేకుండా, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రం గొర్రెల్ని రానిస్తే? అప్పటికి గద్దలు వెళ్లిపోతాయి, పిట్ట గుడ్లు పెట్టే కాలం ఇంకా మొదలవదు.

గడ్డిపరక:
మాస్టారూ, మే నెలలో అక్కడ గొర్రె ఏం తింటుందండీ, దుమ్మా? ఎండుగడ్డి కాస్త తగ్గితే నిప్పు భయం తగ్గుతుందంటే ఒప్పుకుంటా, అంతవరకే.

శనగచేను:
ఎండాకాలం గొర్రెలు మా చేన్లలోనే ఉంటాయి. ఎరువు కోసం మంద నిలపమని మేమే డబ్బులిచ్చి పిలుస్తాం. కాపరికి ఇబ్బందల్లా వానాకాలం. చేలన్నీ విత్తి ఉంటాయి, కాలు పెట్టే చోటుండదు.

రిటైర్డు మాస్టారు:
పిట్ట గుడ్డు పెట్టేదీ అప్పుడే. అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వానాకాలం గొర్రెలు వద్దు. ఆ మూణ్ణెల్ల మేతకు కాపరులకు వేరే బీడు చూపించాలి. జింకలు మేసిన చేనుకు ఆ సీజన్‌లోనే డబ్బులు పడాలి.

కర్నూలు బైకర్:
ఆ బీడు ఎక్కడుంది మాస్టారూ? దారి పొడుగునా నాకైతే చేలే కనబడ్డాయి.

శనగచేను:
బీడు సంగతి మీరు చూసుకోండి. ఈసారి బట్టమేక వచ్చి నా చేన్లో గుడ్డు పెడితే, ఆ చుట్టూ అరెకరం కోయకుండా వదిలేస్తా, నాకు ఎవరూ పైసా ఇయ్యక్కర్లేదు. జింకల లెక్క మాత్రం వేరు.