మా కుర్రాడి నాన్నకు ఎవరో కవర్ ఇచ్చిపోయారు. కంప్లయింట్ ఇస్తే కుర్రాడి ఆట పోతుందా?

పీడీ_నల్లగొండ:

అందరికీ నమస్తే. నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. వారం నుంచి సరిగా నిద్ర లేదు, అందుకే రాస్తున్నాను.

మా దగ్గర సెకండియర్ కుర్రాడు ఒకడున్నాడు. దేవరకొండ అవతల తండా. ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. ఇంటర్‌లో వాలీబాల్ ఆడేవాడు, బాస్కెట్‌బాల్‌లోకి నేనే తెచ్చాను. మొదట్లో బంతి చేతిలో పట్టుకుని పరిగెత్తేవాడు, విజిల్ వేస్తే ఎందుకు వేశానో తెలియక నా మొహం చూసేవాడు. ఇప్పుడు రింగు కింద ఎడమ చేత్తో కూడా వేస్తాడు. పొద్దున 5:30కి నేను గ్రౌండ్‌కి వెళ్లేసరికే వాడు ఉంటాడు. మా సిమెంటు కోర్టుకి ఒక వైపే నెట్ ఉంది. ఆ వైపు జూనియర్లకు వదిలేసి, తను నెట్ లేని రింగు దగ్గర ప్రాక్టీస్ చేసుకుంటాడు.

పోయిన ఆదివారం వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. కండువా ముడి విప్పి ఒక కవర్ తీసి టీపాయ్ మీద పెట్టాడు. అందులో 500 రూపాయల నోట్లు. “హైదరాబాద్ నుంచి ఒకాయన కార్ల వచ్చిండు సార్. కాలేజోళ్లమన్నడు. పిలగాన్ని పంపితే ఫీజు లేదు, హాస్టల్ ఖర్చు లేదు, నెలకు అయిదు వేలు నా చేతికే ఇస్తమన్నడు. ఇది పది వేలు, అడ్వాన్స్ అన్నడు. పిలగానికి మాత్రం చెప్పొద్దన్నడు.”

ఆ చివరి మాటే ఆయన్ని మా ఇంటిదాకా నడిపించింది. మంచి పనైతే కొడుక్కి ఎందుకు చెప్పొద్దంటారు అని ఆయన అనుమానం.

ఇంకో సంగతి. మా దగ్గర టీసీ తీసుకోకుండానే, ఈ జూన్‌లోనే అక్కడ చేరినట్టు రాసుకుంటారట. ఈ ఏడాది ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లకే వాణ్ని ఆడించాలని వాళ్ల తొందర. అంటే ఒకే పిల్లాడి పేరు రెండు కాలేజీల రిజిస్టర్లలో ఉంటుంది. రేపు ఎవరైనా బయటపెడితే డిబార్ అయ్యేది మావాడే.

యూనివర్సిటీకి రాయాలని చేతులు లాగుతున్నాయి. రాస్తే ముందు విచారణకు పిలిచేది కుర్రాడినే. ఊరుకుంటే ఆ మనిషి రేపు ఇంకో తండాకు పోతాడు. అమెరికా కాలేజీల్లో బాస్కెట్‌బాల్‌కి ఇలాంటి గొడవలు చాలా జరిగాయని విన్నాను. అక్కడ రూల్స్ ఎలా అమలు చేశారు? పిల్లల్ని కాపాడుకున్నారా?

---

సూర్యాపేట_టు_ఇండియానా:

సార్, నమస్తే. నేను ఇండియానాపొలిస్‌లో ఉంటాను. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ ఆఫీసు మా ఊళ్లోనే ఉంది. పదేళ్లుగా ఈ ఆట చూస్తున్నాను. మీ పోస్ట్ చదువుతుంటే బ్రయాన్ బోవెన్ గుర్తొచ్చాడు.

2017 సెప్టెంబర్ 26న ఎఫ్‌బీఐ పది మందిని అరెస్ట్ చేసింది. వాళ్లలో నలుగురు పెద్ద యూనివర్సిటీల అసిస్టెంట్ కోచ్‌లు, ఒకరు అడిడాస్ కంపెనీలో పెద్ద ఉద్యోగి జిమ్ గాటో. బోవెన్ అప్పుడే లూయీవిల్ యూనివర్సిటీలో చేరిన కుర్రాడు. వాడు అడిడాస్ బూట్లు వేసే ఆ కాలేజీలో చేరేలా వాళ్ల నాన్నకు లక్ష డాలర్లు ఇచ్చేందుకు ఒప్పందం కుదిరిందని కేసు. కోర్టులో వాళ్ల నాన్న సాక్ష్యం చెప్పాడు. డబ్బు సంగతి కొడుక్కి చెప్పలేదన్నాడు. మీ దగ్గరికొచ్చిన ఆ తండ్రికి చెప్పిన మాటే చూడండి సార్, “పిలగానికి చెప్పొద్దు.”

ఏమయింది? గాటోకు తొమ్మిది నెలలు, మధ్యలో తిరిగిన ఇద్దరికి ఆరేసి నెలలు జైలు పడింది. పిల్లాడు మాత్రం అమెరికాలో ఒక్క కాలేజీ మ్యాచ్ కూడా ఆడలేదు. లూయీవిల్ ఆడనివ్వలేదు. సౌత్ కరోలినాకు మారాడు, అక్కడా కుదరలేదు. చివరికి ఆస్ట్రేలియా వెళ్లి సిడ్నీ కింగ్స్‌కి ఆడాడు. లూయీవిల్ హెడ్ కోచ్ రిక్ పిటినో తనకేమీ తెలియదన్నారు, అయినా ఆ అక్టోబర్‌లోనే ఆయన్ని తీసేశారు. లూయీవిల్ మీద క్రీడల పరంగా తీర్పు వచ్చేసరికి 2022 నవంబర్. అయిదేళ్లు! కాలేజీలో ఒక పిల్లాడి ఆట ఉండేదే నాలుగేళ్లు కదా సార్.

ఇంకా బాధ కలిగించేది ఓక్లహోమా స్టేట్. అక్కడి అసిస్టెంట్ కోచ్ లంచం తీసుకుని 2017లో దొరికాడు, జైలుకీ వెళ్లాడు. కాలేజీకి ఎన్‌సీఏఏ వేసిన శిక్ష, ఒక ఏడాది సీజన్ చివరి టోర్నమెంట్‌లు ఆడొద్దని. అప్పీళ్లు అన్నీ అయ్యాక అది అమలైంది 2022 మార్చిలో. అప్పుడు జట్టులో ఉన్న పిల్లల్లో చాలామంది ఆ కోచ్ పనిచేసే రోజుల్లో ఆ కాలేజీలో చేరనే లేదు.

ఎన్‌సీఏఏ ఒక సంఘం మాత్రమే. బ్యాంకు కాగితాలు తెమ్మని బయటివాళ్లకు సమన్లు పంపే అధికారం, ఫోన్లు వినే అధికారం దానికి లేవు. ఎఫ్‌బీఐ ఫోన్లు విన్నాకే ఇదంతా బయటపడింది. అందుకే ఎన్‌సీఏఏ చేతికి అందేది కాలేజీ, లేదా పిల్లాడు. డబ్బు ఇచ్చిన బయటి మనిషి అందడు.

ఒక్కటి మాత్రం మీకు ధైర్యంగా ఉంటుందని చెప్తున్నాను. 1988లో కెంటకీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆఫీసు నుంచి లాస్ ఏంజిలిస్‌లో ఒక ఆటగాడి నాన్న పేరు మీద కొరియర్ కవర్ వెళ్లింది. దారిలో అది ఊడిపోయింది, లోపల మొత్తం వెయ్యి డాలర్ల విలువైన నోట్లు కొరియర్ ఉద్యోగుల కళ్ల పడ్డాయి. మరుసటి ఏడాది కెంటకీకి మూడేళ్ల ప్రొబేషన్ వేశారు, రెండేళ్లు చివరి టోర్నమెంట్‌లు బంద్. ఆ ఆటగాడు క్రిస్ మిల్స్‌ని కెంటకీకి మళ్లీ ఆడొద్దన్నారు కానీ ఆటకు దూరం చేయలేదు. అరిజోనాకు మారి ఆడాడు, తర్వాత అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ దాకా వెళ్లాడు. మీవాడికి ఇంకా ఏమీ అంటుకోలేదు సార్. ఇప్పుడే ఆపండి.

---

మిల్లు_గేటు_మిర్యాలగూడ:

సార్, కోపం తెచ్చుకోకండి. నేను ఆ మిల్లుల దగ్గరే పెరిగాను. పొద్దంతా బస్తాలు మోసే మనిషికి నెలకు అయిదు వేలు అంటే ఏమిటో నాకు తెలుసు. కొడుకు ఆట చూసి ఎవరో డబ్బిస్తే తప్పేముంది? కాలేజీ వాళ్లు వాడి ఫొటో ఫ్లెక్సీ మీద వేసుకుని అడ్మిషన్లు చేసుకుంటారు కదా? అమెరికాలోనే ఇప్పుడు మారిపోయిందట. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. నిన్నటి నేరం ఇవాళ ఉద్యోగం లాంటిదైంది. మరి ఇక్కడ హమాలీ ఒక్కడే నీతి మోయాలా?

---

సూర్యాపేట_టు_ఇండియానా:

అన్నా, మీరన్నది నిజం. కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు ఇవ్వవచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పరిమితి. కానీ అక్కడ ఆ డబ్బు ఆటగాడి పేరు మీద, ఆటగాడి సంతకంతో వస్తుంది. బయటివాళ్లతో 600 డాలర్లు దాటిన ప్రతి ఒప్పందమూ చెప్పాలి. ఇక్కడ వచ్చింది కండువాలో కట్టిన కవర్, దాంతోపాటు తప్పుడు తేదీ అడ్మిషన్. తండ్రి డబ్బు తీసుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. కొడుక్కి తెలియకుండా తీసుకోవడం మీదే నా భయం.

---

పాలమూరు_రీబౌండ్:

సార్, నేను మహబూబ్‌నగర్ అమ్మాయిని. ఇప్పుడు జడ్చర్ల దగ్గర ఒక స్కూల్లో పీఈటీని. ఇది నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను, కాలేజీ పేరు రాయను.

పద్దెనిమిదేళ్లప్పుడు నన్నూ ఇలాగే తీసుకెళ్లారు. అమ్మానాన్న అప్పుడు పుణెలో బిల్డింగ్ పని మీద ఉన్నారు. మా మేనమామ సంతకం పెట్టాడు. వెళ్లిన రోజే టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఆఫీసులో ఇచ్చేశాను. రసీదు అడగాలని కూడా తెలియదు. ఏడాదిన్నర బాగానే చూశారు. గుడ్డు, పాలు, కొత్త బూట్లు. రెండో ఏడాది జనవరిలో కింద పడి మోకాలు తిరిగింది. లిగమెంట్ తెగిందన్నారు. ఆపరేషన్ మాట వచ్చేసరికి కోచ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. మార్చిలో నా మంచం ఇంకో అమ్మాయికి ఇచ్చారు, నా పెట్టె వరండాలో ఉంది. ఒరిజినల్స్ అడిగితే రెండేళ్ల ఫీజు, హాస్టల్ కలిపి కట్టమన్నారు. మాఫీ అని నోటితో చెప్పారే కానీ ఎక్కడా రాయలేదు. మా అమ్మ మెడలో ఉన్నది కుదువపెట్టి తెచ్చుకున్నాం.

కాబట్టి సార్, డబ్బు కంటే ముందు ఆ పిల్లాడి ఒరిజినల్స్ ఎక్కడున్నాయో చూడండి. వాళ్లు నిజంగా మంచి కాలేజీ అయితే వచ్చే జూన్‌లో టీసీతో, అందరి ముందూ చేర్చుకోమనండి. ఫీజు మాఫీ అని లెటర్‌హెడ్ మీద రాయించండి. దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయిస్తారో, ఆడలేకపోతే చదువు కొనసాగుతుందో లేదో, ఆ రెండూ ఆ కాగితంలోనే ఉండాలి. రాయమంటే ఆ కారు మనిషి మళ్లీ రాడని నా నమ్మకం.

ఇంకొకటి. నేను ఏటా మా పిల్లలకు ఎలిజిబిలిటీ ఫారాలు నింపుతాను. పుట్టిన తేదీ, ఏ క్లాసు, అడ్మిషన్ నంబర్ అడుగుతారు. ఎవరైనా డబ్బిచ్చి తెచ్చారా అని ఏ ఫారమూ అడగదు. కాబట్టి మీరు రాస్తే కవర్ సంగతి కంటే తప్పుడు తేదీ అడ్మిషన్ గురించి గట్టిగా రాయండి. రిజిస్టర్ తెరిస్తే దొరికేది అదే.

---

పీడీ_నల్లగొండ:

అందరికీ రుణపడి ఉన్నాను. ముఖ్యంగా పాలమూరు అమ్మా, నీ పోస్ట్ నా భార్యకు చదివి వినిపించాను.

మొన్న బుధవారం తండ్రిని పిలిపించాను. కుర్రాడి ఒరిజినల్స్ మా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి, చూసి వాటికీ రసీదు రాయించి తండ్రి చేతికిచ్చాను. కవర్‌లో 7,500 మిగిలాయి. మిగతావి చిన్నమ్మాయి జ్వరానికి ఆసుపత్రిలో ఖర్చయ్యాయి. ఆ 2,500 నేను కలిపాను. ఆయన ఒప్పుకోలేదు, నెలనెలా ఇస్తానని నా డైరీలో వేలిముద్ర వేశాడు. కారు మనిషికి ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. వచ్చే జూన్‌లో టీసీతో వస్తాడు, మాఫీ కాగితం మీద రాసివ్వండి అన్నాను. చూస్తాం సార్ అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. డబ్బు ప్రిన్సిపల్ గారి దగ్గర, తేదీ వేసి, ముగ్గురి సంతకాలతో ఉంది. యూనివర్సిటీకి ఉత్తరం కూడా ఆయన పేరుతోనే వెళ్లింది. పాత తేదీతో చేర్చుకునే అడ్మిషన్లను మ్యాచ్‌ల ముందే తనిఖీ చేయమని అడిగాం, అందులో కుర్రాడి పేరు రాయలేదు.

మిల్లు గేటు తమ్ముడూ, నీ మాట నేను కొట్టిపారేయలేదు. ఆయన సంపాదన సంగతి నిజమే. మా పూర్వ విద్యార్థులను అడిగి, కుర్రాడి మెస్ బిల్లు రసీదు మీద కట్టించే ప్రయత్నంలో ఉన్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు.

గురువారం పొద్దున మా సిమెంటు కోర్టులో కుర్రాడికి అంతా చెప్పాను. వాళ్ల నాన్న పక్కనే నిలబడ్డాడు. చాలాసేపు బంతిని చేతుల్లో తిప్పుతూ ఉన్నాడు. తర్వాత కిందికి చూసి, “సార్, పండక్కి నాయిన తెచ్చిన ఈ బూట్లు కూడా వాళ్లిచ్చినవేనా?” అని అడిగాడు. కాదురా, అవి నేను బస్తాలు మోసి కొన్నవి అన్నాడు వాళ్ల నాన్న. అప్పుడు వెళ్లి నెట్ లేని రింగు దగ్గర మొదలుపెట్టాడు.